గాలి గుటకలు

మైనస్ ముప్పైనాలుగు.
గరాజు తలుపు రబ్బరు గడ్డకట్టి
తెరిస్తే చర్మం ఊడినట్టు చప్పుడు.
ట్యూనే తన స్కూలు టాక్సీని లోపలికి తోలి
చేతిసంచీలోంచి ఏలకుల బన్నుల పొట్లం తీసి
బల్లమీద పెట్టింది.
అంటే ఈ రాత్రి నాకు నిద్ర లేదని.

"హీటరు మళ్ళీ పోయింది, ఓయివా.
ఫ్యాను తిరుగుతుంది, టిక్కుటిక్కుమంటుంది,
ఓసారి తెల్లపొగ కక్కి ఊరుకుంటుంది."
రోవానియెమిలో గ్లో ప్లగ్ మార్చారట.
నాలుగొందల యూరోల బిల్లు
మడిచి, ఎండ తెర వెనక దాచింది,
మొగుడికి కనబడకుండా కాదు,
తనకే కనబడకుండా.

ముప్పయ్యేళ్ళు కరెంటు స్తంభాలెక్కినవాణ్ణి.
దీపం ఆరిందని ముందు దీపాన్ని తిట్టను.
బ్యాటరీ: పన్నెండున్నర వోల్టులు, చాలు.
ఫ్యూజు బతికే ఉంది.
ప్లగ్గు కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తోంది,
పాపం దాని తప్పేముంది.
పొగగొట్టంలోకి టార్చి వేశాను.
పోయినేడు ఎవరిదో వ్యానులో ఇక్కడే
ఎలుక నాచుతో పరుపు కుట్టుకుంది.
దీంట్లో కాస్త మంచు, అంతే.

తలుపు బారెడు తీసిపెట్టి స్విచ్చి వేశాం.
మూసిన గదిలో దీన్ని వెలిగిస్తే
మనల్ని ఆర్పేస్తుంది.
ముందు ఫ్యాను ఊపిరి తీసింది.
లోపల ప్లగ్గు ఎర్రబడుతూ ఉండాలి.
నిమిషం.
పంపు మొదలైంది: టిక్. టిక్. టిక్.
ట్యూనే మోకాళ్ళమీద వంగి వింది,
కడుపుకి చెవి ఆన్చిన మంత్రసానిలా.
మంట లేదు.
రెండోసారి. లేదు.
మూడోసారికి పెట్టె అలిగి గడియ పెట్టుకుంది.
ఇక ఫ్యూజు పీకి, వంద లెక్కపెట్టి
మళ్ళీ బతిమాలాలి.

పంపు కొట్టుకుంటోంది కదా,
డీజిల్ వెళ్తోందిలే అనుకుంటాం.
నాడి ఆడుతున్నంత మాత్రాన రక్తం ఉన్నట్టా?
గొట్టం విప్పి జామ్ సీసాలోకి దించాను.
వేలెడు రావాల్సింది, గోరంత వచ్చింది,
మధ్యమధ్య బుడగలు.
ఇది తాగుతున్నది డీజిల్ కాదు.
గాలి గుటకలు.

పొలమారితే ఎవరో తలచుకుంటున్నారంటారు.
దీన్ని తలచుకునేవాళ్ళు ముగ్గురు.
ఏడింటికి, పగలు రాని డిసెంబరులో,
మూడు మలుపుల్లో టపా డబ్బాల పక్కన నిలబడే
హిల్మా, ఆర్వో,
ఇంకా, పేరడిగితే చెప్పని ఓ చిన్నవాడు.

కారు కింద వెల్లకిలా పడుకున్నాను.
వీపు కింద అట్ట, అట్ట కింద నేల,
నేల కింద చలి ఎంత లోతుందో
ఈ ఊళ్ళో ఎవరూ తవ్వి చూడలేదు.
టాంకు నుంచి పంపు దాకా
బెత్తెడు బెత్తెడు తడిమాను, గ్లవ్వు తీసి.
గ్లవ్వుకి తెలీదు.
రెండు గొట్టాలు కలిసేచోట
బొటనవేలంత రబ్బరు ముక్క.
వంచితే నవ్వింది. వెంట్రుకవాసి నోరు.
బయటికి చుక్క కారనివ్వదు,
లోపలికి మాత్రం గాలి పీలుస్తుంది.
ఇలాంటి మనిషి ఒకాయన తెలుసు నాకు,
మా లైన్‌మెన్ల గుంపులో. పేరు చెప్పను.

"కొండని తవ్వి ఎలుకని పట్టాం," అంది ట్యూనే.
రెండు యూరోల ఎలుక.
కొత్త ముక్క కోసి, అందులోకి
గొట్టాల కొసలు రెండూ తాకేదాకా నెట్టాను.
సందు వదిలితే అక్కడే బుడగ కాపురం పెడుతుంది.
రెండు క్లాంపులు. ఇంకో చుట్టు. చాలు.

స్విచ్చి.
టిక్. టిక్.
ఇద్దరం బన్ను నమలడం ఆపేశాం.
దగ్గింది. తెల్లగా కక్కింది.
తర్వాత ఎక్కడో అడవి అవతల
లారీ ఎక్కుతున్నట్టు ఒక హోరు,
సన్నగా మొదలై, నిలబడి,
టిక్కులు దానివెంట పరుగెత్తాయి.
ట్యూనే ఏమీ అనలేదు.
గొట్టం మీద చెయ్యి పెట్టింది, తీసేసింది,
మళ్ళీ పెట్టింది.

పాత బిల్లు బయటికి లాగి, వెనక్కి తిప్పి
నాకెంతివ్వాలో రాయమంది.
రాశాను:
"ఎండాకాలంలో కూడా నెలకోసారి
పది నిమిషాలు వెలిగించు."
చదివి, పెదవి విరిచి,
దాచిన చోటే దాచింది.

నాలుగూ పది.
ముందద్దం మీద సాసరంత మేర
మంచు కరిగింది.
అందులోంచి చూస్తే
ఇంకా రాత్రే.